శ్లాబు కుంగలేదు, అంచు లేచింది

నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: "అన్నా, మా ఇల్లు కుంగిపోతోందట." ఆ 'అట' దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరన్నారంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో. ఆయన ఇల్లు చూశాడా? లేదు, ఫొటో చూశాడు.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా వైపు, ఇళ్ల పునాదులు చూడటం నా పని. ఇక్కడ శ్లాబంటే మన ఊళ్లోలా పైకప్పు కాదు, ఇల్లంతా కూర్చునే అడుగు. దాని కింద ఉన్నది బసాల్ట్ రాయి శిథిలమై ఏర్పడిన బంకమట్టి. మా ఆదిలాబాద్ నల్లరేగడిదీ అదే పుట్టుక. చిన్నప్పుడు ఏప్రిల్‌లో చేలో నెర్రెల్లోకి చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. ఆగస్టుకొచ్చేసరికి ఆ నెర్రెలు వెతికినా దొరకవు, మట్టి నీళ్లు తాగి ఉబ్బి మూసుకుపోతుంది. దీని మీదే ఇల్లు కట్టుకున్నాం.

అపోహ: గోడ బీటలిచ్చిందంటే ఇల్లు కుంగుతున్నట్టే, వెంటనే అండర్‌పిన్నింగ్, అంటే పునాది కింద కొత్తగా ఊతం కట్టించడం, చేయించాలి.

జేబుకు పెద్ద చిల్లు పెట్టేది ఇదే. శ్లాబు నడిమి భాగం కింద మట్టికి వాన తగలదు, ఎండా తగలదు. నీళ్లు చేరేది అంచుల దగ్గర. అక్కడి మట్టి ఉబ్బి అంచును లేపుతుంది, నడుమ ఉన్నచోటే ఉంటుంది. లోపల నిలబడి చూసేవాడికి మాత్రం నడుమ కుంగినట్టే కనిపిస్తుంది.

మూడేళ్ల కిందట ఒక జంట పిలిచారు. పడకగది తలుపు గడియ పడటం లేదు, తలుపు మూల నుంచి సీలింగు దాకా ఏటవాలుగా బీట. ఒక కాంట్రాక్టరు వచ్చి "నడుమ కుంగింది, లేపాలి" అని కొత్త కారు కొనేంత కొటేషన్ ఇచ్చి పోయాడు. ఆమెకు నిద్ర లేదు. బీట చివర పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ, మళ్లీ కాస్త పైన ఇంకో గీత. అంతటితో ఆగలేదు, పది సెంట్ల బిళ్ల పట్టుకుని కొలుస్తోంది. దాని మందం దాదాపు 2 మిల్లీమీటర్లు. "ఉగాదికి పట్టలేదన్నా, చవితికి పట్టింది" అంది.

నేను లెవల్ పెట్టి చూస్తే నడుమ కంటే ఉత్తరం అంచు 31 మిల్లీమీటర్లు ఎత్తులో ఉంది. కానీ లెవల్ ఏది పైనుందో చెబుతుంది గానీ, ఏది కదిలిందో చెప్పదు. ఆ సంగతి చెప్పింది బిళ్లే. ఇక్కడ ఉగాది అంటే వేసవి పోయి నేల బాగా ఎండి ఉండే సమయం, చవితి అంటే చలికాలం వానలు తాగిన నేల. తడికి బీట పెరుగుతోందంటే లేస్తున్నది అంచు.

బయటికెళ్లి చూశాను. ఈ దేశంలో ఎండ పడేది ఉత్తరం గోడకి. అందుకే గోంగూర మడి ఆ గోడకే ఆనించి కట్టారు. పొద్దున సాయంత్రం డ్రిప్. వేడినీళ్ల ట్యాంకు వాల్వు నుంచి గోడ మొదట్లోకి చుక్క చుక్క. ప్లంబర్‌తో పరీక్ష చేయిస్తే వాన నీటి గొట్టం మట్టిలో జాయింటు దగ్గర ఊడిపోయి ఉంది, కప్పు మీద పడిన నీళ్లు చాలావరకు శ్లాబు అంచుకే పోతున్నాయి.

అప్పుడు నడుమను జాకీలతో లేపి ఉంటే? ఉబ్బిన అంచుకు సమంగా నడుమను నిలబెట్టినట్టు. తరవాత అంచు ఎండి దిగితే ఇల్లు అటునుంచి ఇటు వంగుతుంది, బీటలు కొత్తచోట మొదలవుతాయి. అండర్‌పిన్నింగ్ పనికిరానిదని కాదు. నిజంగా కుంగిన చోట, నీళ్ల దారి మూశాక, కొలతలు నిలకడగా వచ్చాక చేసేది అది.

మడి తీశారు, గొట్టం బాగుచేశారు, వాల్వు నీళ్లను డ్రెయిన్‌లోకి మళ్లించారు. గోడ నుంచి మొదటి మీటరులో 50 మిల్లీమీటర్ల వాలుతో కాంక్రీటు వేయించారు. బీట పూడ్చొద్దని బతిమాలాను, బంకమట్టి ఎండటానికి తొందరపడదు. 14 నెలలకు ఆ అంచు 17 దగ్గర ఉంది. గడియ పడుతోంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

హెచ్2 క్లాసు ప్లాటు కొనొద్దంటారు. ఇళ్ల పునాదులకు ఆస్ట్రేలియా ప్రమాణమైన ఏఎస్ 2870లో దాని అర్థం నేల ఉపరితలం 60 నుంచి 75 మిల్లీమీటర్లు కదలొచ్చని, అంతే. శ్లాబు బీములు దానికి తగ్గట్టు డిజైన్ చేస్తారు. ఈ చుట్టుపక్కల కొనాలంటే ఆ మట్టి తప్పదు.

వేసవిలో గోడ వెంట నీళ్లు పోస్తే మంచిదట. కావలసింది ఇంటి చుట్టూ ఒకే తడి. ఒక పక్కనే పోస్తే నేనే మళ్లీ రావాలి.

ప్రతి బీటకూ హడలెత్తొద్దు. 1 మిల్లీమీటరు లోపుదైతే రంగు వేసుకోండి. 5 దాటినా, పెరుగుతూ పోతున్నా పిలవండి.

వాస్తు ప్రకారం ఈశాన్యం పల్లంగా ఉండాలని పెరడంతా చెక్కించిన వాళ్లున్నారు. వాన పడితే నీళ్లన్నీ ఇంటి ఈశాన్యం మూల గోడ మొదట్లో నిలుస్తాయి. మొన్న ఒకాయనతో అన్నాను: "పల్లం ఉంచుకోండి బావగారూ, కానీ ప్రహరీ మూలన పెట్టి అక్కడో పిట్ కట్టించి డ్రెయిన్‌కి కలపండి. గోడ దగ్గర మీటరు మాత్రం బయటికి వాలాలి." ఆయన వెంటనే ఊళ్లో సిద్ధాంతిగారికి వీడియో కాల్ చేసి, ఫోన్ నా చేతిలో పెట్టాడు. కాగితం మీద గీసి చూపించాను. సిద్ధాంతిగారు రెండు నిమిషాల్లో ఒప్పుకున్నారు. కాంక్రీటు వేసేవాళ్లే ఇంకా రాలేదు.