‘బ్లాక్ అయింది మాస్టారూ!’

పిల్లలూ,

కంప్యూటర్ ల్యాబ్‌లో నేను ఎక్కువసార్లు విన్న మాట ‘ఓపెన్ అవ్వట్లేదు మాస్టారూ’. దాని తర్వాతది ‘నేనేం చెయ్యలేదు మాస్టారూ’. చాలాసార్లు ఈ రెండూ ఒకే నోట, ఒకే నిమిషంలో వచ్చేవి. తెర మీద ‘ఈ పేజీకి అనుమతి లేదు’ అని వచ్చినప్పుడు వెనక ఏం జరుగుతుందో అప్పుడే మీకు చెప్పి ఉండాల్సింది. చెబితే తప్పించుకునే దారులు నేనే చూపించినట్టవుతుందని భయపడ్డాను. రిటైరయ్యాక ఆ భయం పోయింది, అందుకే ఈ ఉత్తరం.

మీరు సైటు పేరు కొట్టగానే మీ కంప్యూటర్‌కి అది ఎక్కడుందో తెలియదు. దానికి అంకెల్లో అడ్రస్ కావాలి. అందుకని డీఎన్ఎస్ సర్వర్‌ని, అంటే పేరు చెబితే అడ్రస్ చెప్పే కంప్యూటర్‌ని, అడుగుతుంది. 1983లో ఈ పద్ధతి పుట్టింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. కొన్ని సైట్లను ఆపడానికి బడి పెట్టుకునే ఫిల్టర్ చాలాచోట్ల అక్కడే కాపు కాస్తుంది. అడిగిన పేరు తన జాబితాలో ఉంటే అసలు అడ్రస్ చెప్పదు. తన హెచ్చరిక పేజీకి పంపుతుంది, లేదా జవాబే ఇవ్వదు.

మరి మీరు చదివేదంతా బడికి కనిపిస్తుందా? సాధారణంగా కనిపించదు. ఇప్పటి సైట్లలో ఎక్కువ భాగం రహస్య లిపిలోనే మాట్లాడుకుంటాయి. దారిలో ఉన్నవాళ్లు కవరు మీద అడ్రస్ చూడగలరు, లోపలి ఉత్తరం చదవలేరు. అంటే ఏ సైటుకు వెళ్లారో తెలుస్తుంది, అందులో ఏ పేజీ చదివారో తెలియదు. బడి ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో బడి తన సర్టిఫికెట్ (‘ఇతన్ని నమ్ము’ అని ల్యాప్‌టాప్‌కి చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం) పెట్టి ఉంచితే కవరు విప్పి, చదివి, మళ్లీ అంటించి పంపగలదు. అలా చేస్తున్నప్పుడు ఆ సంగతి మీకు ముందే చెప్పాలని నా అభిప్రాయం. ఇక బ్రౌజర్‌లో ఉండే ఇన్‌కాగ్నిటో కిటికీ అంటే అదృశ్యమయ్యే విద్య కాదు. మీ బ్రౌజర్ చరిత్ర రాసుకోదు, అంతే. నెట్‌వర్క్‌కి మీరు మామూలుగానే కనిపిస్తారు.

ఏ సిస్టమ్ ఎప్పుడు ఏం తెరవబోయిందో ఫిల్టర్ రాసిపెట్టే పట్టీని లాగ్ అంటారు. నా దగ్గరికి వచ్చే లాగ్‌లో వరుసలు ఇలా ఉండేవి: ‘11:42, సిస్టమ్ 14, గేమ్స్, బ్లాక్’. దాని కిందా 11:42, ఆ కిందా 11:42, తర్వాత 11:43. మొత్తం పదిహేడుసార్లు. మూసిన తలుపు బాదినట్టు రిఫ్రెష్ కొట్టాడు మహానుభావుడు. నవ్వుకుని వదిలేశాను.

అదే లాగ్‌లో ఇంకో సిస్టమ్ నుంచి ఒకే ఒక్క వరుస ఉంది. అది రొమ్ము క్యాన్సర్ గురించి చెప్పే సైటు. ఫిల్టర్ దాన్ని ‘అశ్లీలం’ కింద ఆపేసింది. ఆ అమ్మాయి రెండోసారి ప్రయత్నించలేదు. నేను ఆ వరుస చూసేసరికి వారం గడిచింది. పిలిచి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో ఒకరికి ఆ జబ్బట. తెర మీద ‘అశ్లీలం’ అన్న మాట చూసి తానేదో తప్పు చేశాననుకుంది.

ఫిల్టర్‌కి అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు. 1996లో ఇంగ్లండ్‌లోని స్కంథోర్ప్ అనే ఊరివాళ్లు అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ కంపెనీలో ఖాతా తెరవలేకపోయారు. ఆ ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ మధ్యలో ఒక బూతు మాట దాగి ఉండటమే కారణం. ఇప్పటి ఫిల్టర్లు తెలివి మీరాయి గానీ ఈ జబ్బు పూర్తిగా వదల్లేదు.

అడిగితే తెరిచే వీలు ఉండాలన్నది కొత్త మాటేం కాదు. ఇంటర్నెట్‌కి ప్రభుత్వ రాయితీ తీసుకునే బడులు, లైబ్రరీలు ఫిల్టర్ పెట్టాలని అమెరికాలో 2000లో చట్టం వచ్చింది. ఆ చట్టం ఫిల్టర్ చేయమన్నది బొమ్మల్నే, రాతని కాదు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. లైబ్రరీలో పెద్దవాళ్లు అడిగితే ఫిల్టర్ తీసేయవచ్చన్న సంగతి ఆ తీర్పులో ముఖ్యమైంది. అడగడానికి మనిషి ఉండాలి, అడిగితే వినాలి. ఇది మాలాంటివాళ్ల పని. నేను దాన్ని సరిగ్గా చేయలేదు.

అడగడం మొహమాటమై మీలో కొందరు బ్రౌజర్‌కి తగిలించే ఉచిత ‘అన్‌బ్లాకర్’ ఎక్స్‌టెన్షన్లు వేసుకుంటారు. వేసుకునేటప్పుడు వచ్చే ప్రశ్న చదవండి. మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతి అడుగుతుంది. అంటే కవరు కాదు, లోపలి ఉత్తరం. మీ పాస్‌వర్డ్‌లతో సహా. మీ రాకపోకలన్నీ వేరే సర్వర్ గుండా రహస్య లిపిలో పంపే వీపీఎన్ చెడ్డదని నేననను, ఆఫీసుల్లో రోజూ వాడతారు. కానీ ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత సేవకి మారితే మిమ్మల్ని చూసే కళ్లు తగ్గవు, మారతాయి. బడిని నిలదీయవచ్చు, వాళ్లని ఎక్కడ వెతుకుతారు? స్నేహితుడి లాగిన్ వాడుకోవడం అంతకన్నా తెలివితక్కువ పని. లాగ్‌లో పడేది వాడి పేరు, తిట్లు తినేదీ వాడే.

ఆ అమ్మాయితో మాట్లాడాక హెచ్చరిక పేజీలో ‘అశ్లీలం’ అన్న మాట తీసేశాను. ‘ఇది పొరపాటున ఆగి ఉండవచ్చు. కావాలంటే చీటీ రాసి ల్యాబ్ బయట డబ్బాలో వేయండి, పేరు అక్కర్లేదు’ అని పెట్టాను. మొదటి రోజు డబ్బాలో ఒక్కటే చీటీ. అందులో గేమ్ సైటు అడ్రస్ ఉంది. పేరు లేదు గానీ ఆ కోడిగీతలు సిస్టమ్ 14 వాడివే. తర్వాత అసలు చీటీలు రావడం మొదలైంది: చరిత్ర పాఠానికి ఆయుధాల పేజీ, సైన్సు ప్రాజెక్టుకి మత్తుమందుల పేజీ. ఒక చీటీలో అడ్రస్ కింద చిన్న అక్షరాలతో ‘తొందరగా’ అని రాసి ఉంది. దాన్ని ఆ సాయంత్రమే తెరిచాను. ఎవరు రాశారో కనుక్కోలేదు.

మీ ల్యాబ్ మాస్టారు