గోగునార ఊరే నీటి గురించి పిల్లలకు ఉత్తరం

ఆమదాలవలస

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పర్యావరణం మీద బడిలో వ్యాసం రాయమన్నారనీ, "పత్తి, నార మంచివి, పాలిస్టర్ చెడ్డది" అని రాస్తే సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదు. బట్టల పరిశ్రమ మీద పరిశోధన చేసేవారు విత్తనం నేలలో పడిన నాటి నుంచి చిరిగిన గుడ్డ చెత్తకుప్పకు చేరేదాకా ఏ దశలో ఎంత నీరు, ఎంత కరెంటు, ఎంత రసాయనం ఖర్చవుతున్నదో, వాటిలో ఏది తిరిగి గాలిలోకీ నీటిలోకీ పోతున్నదో విడివిడిగా లెక్క కడతారు. దీనిని జీవనచక్ర విశ్లేషణ అంటారు. పాలిస్టర్, యాక్రిలిక్ వంటి వాటికి పొలమూ అక్కరలేదు, పురుగుమందూ అక్కరలేదు. వాటి హాని ఉతికేటప్పుడు బయటపడుతుంది. 6 కిలోల యాక్రిలిక్ బట్టలను యంత్రంలో ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా సూక్ష్మమైన పోగులు నీటిలోకి పోవచ్చునని ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించారు. నారకు ఆ దోషం లేదు, కానీ దాని హాని మరో చోట ఉంది. అది మన జిల్లా చెరువుల్లోనే కనిపిస్తుంది కనుక దాని గురించే వివరంగా రాస్తున్నాను.

గోగు మన శ్రీకాకుళం, విజయనగరం మెట్ట భూముల పంట. తొలకరి వానలకు విత్తితే పెద్దగా తడి పెట్టకుండానే ఎదుగుతుంది. పూత దశలో కోస్తే నార నాణ్యంగా వస్తుంది. అందుకే దీనిని పర్యావరణానికి మేలైన పంట అంటారు, ఆ మాట పొలం వరకు నిజమే. కోసిన తరువాతే కష్టమంతా. కట్టలు కట్టి, ఆకు రాలేదాకా పొలంలో ఉంచి, తరువాత చెరువులో ముంచి రెండు మూడు వారాలు ఊరబెట్టాలి. నార పోగులు బెరడులో పెక్టిన్ అనే జిగురుతో అంటుకొని ఉంటాయి. నీటిలోని బ్యాక్టీరియా ఆ జిగురును కరిగిస్తే తప్ప అవి విడివడవు. అడుగు భాగం మందంగా ఉంటుంది కనుక తెలిసిన రైతు మొదట కొన్ని రోజులు కట్టలను నిలువుగా నీటిలో నిలిపి, ఆ తరువాత పడుకోబెడతాడు. తేలకుండా బరువు పెట్టేటప్పుడు మట్టి గడ్డలు, అరటి బోదెలు వాడితే నార నల్లబడుతుంది, ధర పడిపోతుంది. ఒకటి రెండు రోజులు తక్కువైతే బెరడు వదలదు, ఎక్కువైతే పోగే కుళ్ళి తెగిపోతుంది.

ఈలోగా ఆ బ్యాక్టీరియా నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తుంది. నీరు నల్లబడి కంపు కొడుతుంది, చేపలు చచ్చి తేలుతాయి, మీథేన్ వాయువు పుడుతుంది. ఆ నీటిలోనే నడుము లోతున నిలబడి మనుషులు రోజంతా నార తీయాలి. "సహజమైనది" అన్న ఒక్క మాటతో ఈ దశను దాటవేయడం నాకు న్యాయంగా తోచదు.

శాస్త్రవేత్తలు పట్టుకున్నది సరిగ్గా ఈ దశనే. పశ్చిమ బెంగాల్‌లోని బారక్‌పూర్‌లో జనపనార, అనుబంధ నారల కేంద్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడివారు నార ఊరే నీటి నుంచే బ్యాక్టీరియాను వేరుచేసి, పెక్టిన్‌ను కరిగించి, పోగుకు బలమిచ్చే సెల్యులోజ్ అనే పదార్థం జోలికి పోని రకాలను ఏరి, వాటితో 'క్రిజాఫ్ సోనా' అనే పొడి తయారు చేశారు. దానిని కట్టల మీద చల్లితే ఊరే కాలం సుమారు వారం తగ్గుతుంది, పోగు బలమూ చెడదు. పచ్చి కాడ నుంచి బెరడును యంత్రంతో పట్టీలుగా ఒలిచి, ఆ పట్టీలనే చిన్న గుంటలో ఊరబెట్టడం ఇంకొక పద్ధతి. కాడ మొత్తం ముంచనక్కర లేదు కనుక నీరు చాలా తక్కువ పడుతుంది. వానలు తప్పి చెరువులు నిండని ఏళ్లు మనకు కొత్త కాదు, కాబట్టి మన ప్రాంతానికి ఈ రెండవదే ఎక్కువ అక్కరకు వస్తుందని నా నమ్మకం. మన ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలోనూ గోగు మీద పని జరుగుతున్నది; ఏఎంవీ పేరుతో వచ్చిన గోగు రకాలు అక్కడివే.

పొందూరు ఖద్దరు గురించి కూడా రాయమన్నారు. అక్కడ కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, ఏకులు చేసి, చేతితో సన్నని నూలు వడుకుతారు. ఆ దువ్వడానికీ వడకడానికీ కరెంటు అక్కరలేదు కనుక ఆ లెక్కలో ఖద్దరుకు మంచి మార్కులే వస్తాయి. కానీ వడికే ఆమెకు కూలి గిట్టుతున్నదా అన్నది కూడా ఆ లెక్కలో చేరాలి. ఇప్పుడు వస్తు జీవనచక్రంతో పాటు దాని మీద బతికే మనుషుల స్థితిని కూడా పరిశోధకులు కొలుస్తున్నారు, అది నాకు ఎంతో సంతోషం.

మీ వ్యాసంలో గోగునే తీసుకోండి. సెలవులకు వచ్చినప్పుడు నార ఊరబెట్టే రైతు దగ్గరకు తీసుకువెళతాను. ఎన్ని కట్టలు, ఎంత లోతు నీరు, ఎన్ని రోజులు, ఎంతమంది కూలీలు అన్న నాలుగు అంకెలు ఆయన్ని అడిగి మీ చేతులతోనే రాసుకోవాలి.

ఇట్లు
మీ తాతయ్య