మూర పక్కన 45.72 ఎలా చేరింది?

పూలు మూర లెక్కన అమ్మొచ్చా, కూడదా అన్న పేచీ మళ్లీ మొదలైంది. ఇరుపక్షాలూ పట్టుకున్న అంకె ఒక్కటే: మూర అంటే 45.72 సెంటీమీటర్లు. ఆ లెక్కన మీటరుకు 2.187 మూరలు. మెట్రిక్ కొలతలు మన దేశానికి ఎలా వచ్చాయో తెలిసిన కథే కాబట్టి దాన్ని వదిలేద్దాం. అసలు ఈ అంకె ఎక్కడిదో చూడాలి.

ఇంగ్లిష్ వాళ్ల లెక్కల్లో మూరను గజంలో సగంగా, అంటే 18 అంగుళాలుగా కట్టారు. ఆ గజం కూడా అప్పట్లో బ్రిటన్‌లో ఒక పిసరు, అమెరికాలో ఒక పిసరు తేడాగా ఉండేది. 1959లో ఆరు దేశాలు కూడి దాన్ని సరిగ్గా 0.9144 మీటరుగా ఖాయం చేసుకున్నాయి. అందులో సగమే మన 45.72. దశాంశం తర్వాతి ఆ రెండు అంకెల్లో మన మోచేతికి ఏ సంబంధమూ లేదు. గొడవంతటికీ మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

మన పాత లెక్క ఇలా ఉండేది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని అంగుళం ఇంగ్లిష్ వాళ్ల అంగుళం కాదు; దానికి ఎనిమిది యవల (బార్లీ గింజల) మధ్య భాగమన్నా చెప్పింది, మధ్యరకం మనిషి నడిమివేలి వెడల్పన్నా చెప్పింది. పన్నెండు అంగుళాలు జాన, ఇరవై నాలుగు మూర. అయితే పచ్చిక బయళ్లు కొలిచే మూరకు 28 అంగుళాలు, అడవి కలప కొలిచే మూరకు 54. పనిని బట్టి మూర మారుతుందని రాజ్యమే ఒప్పుకుని, ఏ పనికి ఏ మూరో రాసిపెట్టింది.

ఇప్పటి చట్టంలో ఆ వెసులుబాటు లేదు. 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 2009 నాటి తూనికలు కొలతల చట్టం, 11వ సెక్షన్ ప్రకారం, ప్రామాణిక కొలతల్లో తప్ప ధర చెప్పకూడదంటుంది. కొలత తగ్గుతుందన్న కొనేవాళ్ల భయమూ ఉత్తిది కాదు. పన్నెండు మూరల చీరను 41 సెంటీమీటర్ల చేత్తో కొలిస్తే 4.92 మీటర్లు, 48 సెంటీమీటర్ల చేత్తో కొలిస్తే 5.76 మీటర్లు. తేడా దాదాపు రెండు మూరలు. బట్టకు మీటరే న్యాయం.

పూల దగ్గర మాత్రం కొలిచే చెయ్యి కళ్ల ముందే ఉంటుంది. దండ కొసను నడిమివేలి చివర అదిమిపట్టి మోచేతి దాకా లాగుతుంది పూలమ్మే ఆమె. పొట్టి చెయ్యనిపిస్తే కొనే ఆవిడ తన చెయ్యి చాపి "నా మూరెయ్యమ్మా" అంటుంది. బేరం కుదిరాక పూలమ్మే ఆమె దండ తెంపే ముందు, మోచెయ్యి దాటించి ఇంకో నాలుగు వేళ్లు వదులుతుంది. ఆ కొసరు 45.72 లెక్కలో ఎక్కడా లేదు.