డంప్లింగ్స్ సూప్: అపోహలు - వాస్తవాలు

వంట నేర్పడం నా పని. డంప్లింగ్స్ సూప్ అంటే మైదా పిండి ముద్దలు వేసి ఉడికించే సూప్. సూప్ గురించి వినే మాటల్లో నాకు అస్సలు నచ్చనిది, “మంచి సూప్ కావాలంటే బాగా ఖర్చు పెట్టాలి” అన్నది. చేతిలో డబ్బు తక్కువున్న రోజు కూడా కడుపునిండా వేడివేడిగా తినొచ్చని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అపోహ: మాంసం ఎక్కువ పడితేనే రుచి.

వాస్తవం: కండ తీసేసిన చికెన్ ఎముకలు చాలు. చన్నీళ్లలో వేసి సన్న సెగ మీద 3 గంటలు ఉంచితే ఎముకల దగ్గరి కొల్లాజెన్ అనే ప్రోటీన్ జిగురులాంటి జిలటిన్‌గా మారి నీళ్లలో కలుస్తుంది. సూప్‌కి నిండుదనం వచ్చేది దానివల్లే. ఎముకలు కూడా లేవా? ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, క్యారెట్, వెల్లుల్లి, బిర్యానీ ఆకు వేసి 45 నిమిషాలు మరిగించండి. కూరగాయలకు అంతకంటే అక్కర్లేదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ కాడలు మాత్రం వద్దు, ఎక్కువసేపు ఉడికితే ఘాటు వాసన వస్తుంది.

అపోహ: పిండిని ఎంత పిసికితే డంప్లింగ్స్ అంత మెత్తగా వస్తాయి.

వాస్తవం: సరిగ్గా దీనికి వ్యతిరేకం. చెంచాతో జారవిడిచే ఈ రకం డంప్లింగ్స్ గట్టిపడేది ఎక్కువగా ఇక్కడే. మైదా తడిసి నలిగేకొద్దీ గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ బలపడి ముద్ద సాగుతుంది. 1 కప్పు మైదా, 2 టీ స్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీ స్పూన్ ఉప్పు ముందు పొడిగా కలపండి. 1 టేబుల్ స్పూన్ నూనె, సుమారు అర కప్పు పాలు పోసి, పొడి పిండి కనబడకుండా పోగానే చెయ్యి ఆపేయండి. ఉండలు ఉండలుగా, గరుకుగా కనిపిస్తుంది. అలాగే ఉండాలి, దాన్ని నున్నగా చేయాలని చూడకండి. గుడ్డు ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే టెన్షన్ పడొద్దు. బేకింగ్ పౌడర్ పాతదైతే మాత్రం వేడినీళ్లలో చిటికెడు వేసి చూడండి. బుసబుసమని పొంగకపోతే పక్కన పడేయాల్సిందే.

అపోహ: సూప్ తెర్లుతుంటే డంప్లింగ్స్ త్వరగా ఉడుకుతాయి, మధ్యమధ్యలో మూత తీసి కలపాలి.

వాస్తవం: తెర్లే నీళ్లలో ముద్దలు విడిపోతాయి. అంచుల్లో చిన్న బుడగలు వచ్చేంత సెగ చాలు. ముద్ద అడుగుభాగం సూప్‌లో ఉడికితే, పైభాగం ఆవిరికి ఉడుకుతుంది. మూత తీస్తే ఆ ఆవిరి పోయి పైన పచ్చిగా మిగులుతుంది. గిన్నె వెడల్పుగా ఉండాలి, ముద్దల మధ్య ఎడం ఉండాలి, ఎందుకంటే బాగా ఉబ్బుతాయి. 15 నిమిషాల తర్వాత ఒకటి తీసి విరిచి చూడండి. లోపల బ్రెడ్డులా గుల్లగా ఉంటే దించేయండి. మధ్యలో జిగురుగా మెరుస్తుంటే మూత పెట్టి ఇంకో 2, 3 నిమిషాలు ఉంచండి.

అపోహ: చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ తప్పదు.

వాస్తవం: డంప్లింగ్స్ నుంచి వచ్చే పిండే సూప్‌ని చిక్కబరుస్తుంది.

అపోహ: ఒకేసారి ఎక్కువ చేసి పెట్టుకుంటే రేపటికీ పనికొస్తుంది.

వాస్తవం: సూప్ వరకు నిజమే. వండిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే 3, 4 రోజులు ఉంటుంది. డంప్లింగ్స్ మాత్రం రాత్రంతా అందులో నానితే సూప్ పీల్చుకుని చితికిపోతాయి. అందుకే ఆ పూటకు సరిపడా మాత్రమే వేయండి. మర్నాడు సూప్ వేడిచేస్తూ పిండి అప్పటికప్పుడు కలుపుకుంటే ఐదు నిమిషాల పని.