మండల విలేకరి దాకా రాని శిక్షణ

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట మేడల మీద ఇరుక్కున్నవాళ్ల చేతిలో మిగిలింది ఫోను ఒక్కటే. అదీ చార్జింగ్ ఉన్నంతసేపే. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లు కిందికి పోయిన రోజులవి. వాట్సాప్ గ్రూపుల నిండా వీడియోలు. వాటిలో ఏది మన ఊరిది, ఏది ఎప్పటిదో, కట్ట మళ్లీ తెగిందన్న మాటలో నిజమెంత? జనం అడిగింది తమకు తెలిసిన విలేకరినే. ఆ విలేకరికి ఈ పని ఎవరు నేర్పారు? చాలామందికి ఎవరూ నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో అర్థం కావాలంటే కంప్యూటర్ల కంటే ముందు కాలానికి వెళ్లాలి.

విజయవాడ పత్రికల ఊరు. 1952లో విశాలాంధ్ర ఇక్కడ మొదలైంది. ఆంధ్రప్రభ మద్రాసు నుంచి ఇక్కడికి వచ్చింది. 1960లో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి పుట్టింది. అప్పట్లో అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి పేర్చేవారు. గుణింతాలు, ఒత్తులు కలిపితే తెలుగు కంపోజింగుకు కావలసిన అచ్చు దిమ్మెలు వందల్లో ఉంటాయి. వాటిని పెట్టే గళ్లలో ఏ అక్షరం ఎక్కడుందో వేళ్లకు తెలియడానికే నెలలు పట్టేది. పాత కంపోజిటరు పక్కన కొత్తవాడు నిలబడి నేర్చుకునేవాడు. అదే శిక్షణ. ఊళ్ల నుంచి వార్త పోస్టులోనో, ఆర్టీసీ బస్సులో కవరుగానో వచ్చేది. మరీ అర్జెంటైతే టెలిగ్రాం. రాసి పంపడంతో విలేకరి పని అయిపోయేది. మిగతాదంతా ఆఫీసులో జరిగేది.

1985లో మండలాలు ఏర్పడ్డాయి. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టింది, మిగతా పత్రికలూ ఆ దారే పట్టాయి. రోజూ అన్ని పేజీలు నిండాలంటే ప్రతి మండలంలో ఒక మనిషి కావాలి. అలా పుట్టినవాడే ఇవాళ్టి మండల విలేకరి. జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే ఆదాయం. పైగా ప్రకటనల టార్గెట్. ఎవరో ఒక చిన్న షాపు నడుపుతూనో, పాలసీలు కట్టిస్తూనో ఈ పని చేసేవారు. తెలుగు జర్నలిజంలో వచ్చిన మార్పుల్లో నా లెక్కలో ఇదే అతి పెద్దది. ఊళ్లో బోరు పాడైనా, బళ్లో పంతులు రాకపోయినా పేపర్లో పడడం అప్పుడే మొదలైంది. అంత పెద్ద పని చేసినవాళ్లను శిక్షణ విషయంలో మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. పత్రికలు సొంతంగా జర్నలిజం స్కూళ్లు పెట్టుకున్నాయి కానీ, వాటిలో చదివినవాళ్లు ఎక్కువగా ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కులకే వెళ్లారు. కంట్రిబ్యూటర్‌కు, అంటే ఈ మండల విలేకరికి, దక్కింది ఏడాదికోసారి జిల్లా కేంద్రంలో ఒక మీటింగ్, వార్త మొదటి పేరా (ఇంట్రో) ఎలా రాయాలో నాలుగు మాటలు.

తర్వాత కంప్యూటర్ మీదే పేజీలు కూర్చే డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు డెస్కుకు అలవాటయ్యాయి. విలేకరి మాత్రం చేత్తో రాసి, ఫ్యాక్స్ ఉన్న షాపు ముందు నిలబడ్డాడు. కొన్నాళ్లకు 'మీరే కంపోజ్ చేసి పంపండి' అన్న కబురు వచ్చింది. నాకు తెలిసినవాళ్లు తెనాలిలో, గుంటూరులో డీటీపీ సెంటర్లకు సొంత డబ్బు కట్టి కీబోర్డు నేర్చుకున్నారు. ఫోను వచ్చినప్పుడూ ఇదే జరిగింది.

ఇక్కడ ఫాంటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ ఇంకా మానలేదు. పాత డీటీపీ ఫాంట్లలో తెరమీద 'క' కనిపిస్తుంది కానీ, కంప్యూటర్ లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తుల సంకేతం. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే. అందుకే మొదట్లో పత్రికల సైట్లు చదవాలంటే ముందు ఆ పత్రిక ఫాంటు దించుకోవాల్సి వచ్చేది. ఏ కంప్యూటర్లోనైనా ఒక అక్షరానికి ఒకే సంకేతం ఉండేలా చేసే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంది. అయినా అచ్చు పేజీలు పాత ఫాంట్లలోనే నడిచాయి. మన జిల్లాల వార్తలు ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో వెతికితే దొరకని రూపంలో ఉండిపోయాయి. ఫలానా గ్రామంలో కాలువ ఎప్పుడు తెగిందో తెలుసుకోవాలంటే ఇప్పటికీ పాత పేపర్ల కట్టలు తిరగేయాల్సిందే. తెలుగు వికీపీడియా రాసేవాళ్లు ఆ పాటికే యూనికోడ్‌లో రాస్తున్నారు. వాళ్ల దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే జరిగాయి. ఆ అనుభవం పక్క వీధిలోని పత్రికాఫీసులకు చేరి ఉంటే ఎంత బాగుండేదో.

2016లో జియో రాకతో డేటా చవకైంది. 2017 ఆగస్టులో గూగుల్ వాయిస్ టైపింగ్‌లో తెలుగు వచ్చింది. కీబోర్డు రానివాళ్లు కూడా మాట్లాడి వార్త పంపడం మొదలుపెట్టారు. పేర్లూ అంకెలూ తప్పులు పడుతుంటే డెస్కువాళ్లకు టెన్షన్. ఇక 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాకాయి, అమాయకులు దెబ్బలు తిన్నారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకసారికి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితం చేసింది. అదే ఏడాది జూన్‌లో గూగుల్ 8,000 మంది పాత్రికేయులకు ఆన్‌లైన్‌లో వచ్చేవాటి నిజానిజాలు తేల్చడం నేర్పుతామని ప్రకటించింది. ఎంచుకున్న భాషల్లో తెలుగు కూడా ఉంది. నేర్పాలన్న ఆలోచన అంత పెద్ద ఎత్తున మన భాషకు రావడం నాకు తెలిసి అదే మొదలు.

కానీ ఆ తరహా క్లాసులు ఎలా జరుగుతాయో ఒకదానిలో కూర్చుని చూశాను. నగరంలో ఏసీ హాలు, ముందు ల్యాప్‌టాప్‌లు, తెరమీద ఇంగ్లీషు స్లయిడ్లు. వచ్చినవాళ్లలో డెస్కు మనుషులే ఎక్కువ. మండల విలేకరి రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు పని పోతాయి. ఆ రోజు వార్త పంపకపోతే మాట పడతాడు. అతని చేతిలో ఉన్నది ఫోను, నేర్పేది ల్యాప్‌టాప్ మీద. విశాలాంధ్ర ఒకప్పటి సంపాదకుడు సి.రాఘవాచారి పేరు పెట్టుకున్న మీడియా అకాడమీ విజయవాడలోనే ఉంది. ఇలాంటి సంస్థలు క్లాసుల్ని తెనాలికో, నందిగామకో తీసుకెళ్లడం కష్టమేమీ కాదు.

నేర్పాల్సినవి కూడా బ్రహ్మవిద్యలు కావు. వీడియోలో ఒక ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోను బట్టి వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకడం, బోర్డు మీది భాష, బండి నంబరు ప్లేటు చూడడం, తీసేస్తారనుకున్న వెబ్‌పేజీని ముందే దాచుకోవడం. వీటితో పాటు చట్టం. 2012 పోక్సో చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, కుటుంబం, బడి, ఉండే వీధి ఏ మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. పేపర్లో పేరు మార్చి, వాట్సాప్ గ్రూపులో ఇల్లు చూపించే వీడియో పెట్టిన సందర్భాలు చూశాను. వాళ్లు దుర్మార్గులు కారు. గ్రూపులో పెట్టడం కూడా పదిమందికీ చెప్పడమేనని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఆమధ్య పొన్నూరు బస్టాండులో ఒక కంట్రిబ్యూటర్‌కు లెన్స్ ఎలా వాడాలో చూపించాను. పది నిమిషాలు పట్టింది. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, మా గ్రూపులో తిరుగుతున్న వరద వీడియో మనది కాదు, ఎప్పటిదో కేరళది. పెట్టింది మా సర్పంచి గారే. ఆయనకు ఎలా చెప్పమంటావు?"