ఫీడ్‌బ్యాక్ పెడితే క్వాంటమ్ నాయిస్ పోతుందా? ఫేజ్ కొలతలపై అపోహలు - వాస్తవాలు

లైట్ ఫేజ్‌ని, అంటే ఆ తరంగం తన ఊగులో ఏ దశలో ఉందో దాన్ని, కొలిచే ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పిల్లలు దాదాపు ఇవే అడుగుతుంటారు, ప్రతిసారీ బోర్డు మీద గీసే బదులు ఒకసారి రాసి పడేస్తే పోలా అని కూర్చున్నా.

అపోహ: ఫీడ్‌బ్యాక్ పెడితే క్వాంటమ్ నాయిస్ తగ్గుతుంది.

తగ్గదండీ. ఫీడ్‌బ్యాక్ అంటే వచ్చిన రిజల్ట్‌ని బట్టి కొలత సెట్టింగ్‌ని అప్పటికప్పుడు మార్చుకోవడం, క్వాంటమ్ నాయిస్ అంటే లైట్‌లో సహజంగానే ఉండే అనిశ్చితి. వచ్చిన లైట్‌లో ఉన్న నాయిస్ అలాగే ఉంటుంది, మన కొలత వల్ల పైన కలిసే నాయిస్‌ని మాత్రం తప్పించుకోవచ్చు. హోమోడైన్ అనే కొలత పద్ధతిలో సిగ్నల్‌ని, అంటే వచ్చిన లైట్‌ని, లోకల్ ఆసిలేటర్ అనే బలమైన లేజర్ బీమ్‌తో కలిపి చూస్తాం, అవుట్‌పుట్ సైన్ కర్వ్‌లా వస్తుంది, ఫేజ్ కాస్త కదిలినా బాగా తెలిసేది ఆ కర్వ్ సున్నాని దాటేచోటే, అంటే రెండిటికీ మధ్య 90 డిగ్రీలు ఉన్నప్పుడు. కర్వ్ కొన మీద ఉంటే ఫేజ్ కదిలినా దాదాపు ఏమీ తెలీదు. మరి 90 దగ్గర పెట్టాలంటే ఫేజ్ ముందే తెలియాలి, తెలిస్తే ఇక కొలవడం ఎందుకు? అందుకని పల్స్ వస్తుండగానే మొదటి ముక్క చూసి ఒక అంచనా వేస్తాం, ఆసిలేటర్‌ని తిప్పుతాం, తర్వాతి ముక్క చూసి మళ్ళీ తిప్పుతాం. వీణ శ్రుతి చేసినట్టే అనుకోండి, కాకపోతే ఇక్కడ తిప్పేది వచ్చిన లైట్‌ని కాదు, మన దగ్గరున్న బీమ్‌ని.

అపోహ: హెటిరోడైన్ ఉండగా ఈ తిప్పలన్నీ దేనికి?

హెటిరోడైన్ అంటే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీని సిగ్నల్‌కి కాస్త తేడాగా పెట్టి కొలవడం. అది అన్ని ఫేజ్‌లనీ సమానంగా చూస్తుంది నిజమే, కానీ లైట్‌లో ఉన్నంత నాయిస్‌ని తనూ కలుపుతుంది. కోహెరెంట్ పల్స్‌లో, అంటే మామూలు లేజర్ పల్స్‌లో, సగటున ఎన్ ఫోటాన్లుంటే హెటిరోడైన్‌తో ఫేజ్ వేరియన్స్ (ఎర్రర్ వర్గం సగటు) సుమారు 1/(2ఎన్), ఆదర్శ కొలతకి 1/(4ఎన్). ఈ తేడాని ఫీడ్‌బ్యాక్‌తో చాలావరకు పూడ్చొచ్చని ఫిజిసిస్ట్ హోవర్డ్ వైజ్‌మన్ 1995లో చెప్పారు, 2002లో కాల్‌టెక్‌లో మబుచి గ్రూప్ చేసి చూపించింది.

అపోహ: హైజెన్‌బర్గ్ లిమిట్‌కి ఎంటాంగిల్‌మెంట్ ఉండాల్సిందే.

అక్కర్లేదు. హైజెన్‌బర్గ్ లిమిట్ అంటే క్వాంటమ్ నియమాలు ఒప్పుకునే అత్యుత్తమ కచ్చితత్వం, ఎంటాంగిల్‌మెంట్ అంటే ఫోటాన్లు క్వాంటమ్‌గా ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం. 2007లో ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్ళు విడివిడి ఫోటాన్లతోనే చేశారు, ఒకే ఫోటాన్‌ని ఆ ఫేజ్ గుండా చాలాసార్లు పంపి, వచ్చిన రిజల్ట్‌ని బట్టి తర్వాతి కొలత సెట్టింగ్ మార్చుకుంటూ. ఇందులో లెక్కపెట్టేది ఫోటాన్లని కాదు, ఎన్నిసార్లు దాటాయన్నది, ఇది మర్చిపోయి చాలామంది వాదించుకుంటారు.

అపోహ: స్క్వీజింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిది.

నేనూ ఇలాగే అనుకునేవాణ్ణి. లైట్‌ని స్క్వీజ్ చేసినప్పుడు ఒకవైపు (ఇక్కడ ఫేజ్‌లో) నాయిస్ తగ్గితే రెండోవైపు (యాంప్లిట్యూడ్‌లో) ఉబ్బుతుంది కదా, కదులుతున్న ఫేజ్‌ని ట్రాక్ చేసేటప్పుడు మన అంచనా ఎప్పుడూ కాస్త పక్కకే ఉంటుంది, ఆ కాస్త సందులోంచి ఉబ్బిన నాయిస్ లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఒక హద్దు దాటితే నష్టమే. 2012లో టోక్యోలో ఫురుసావా గ్రూప్ వాళ్ళు వైజ్‌మన్ వాళ్ళతో కలిసి స్క్వీజింగ్‌ని ఆ హద్దు దగ్గర పెట్టి, స్క్వీజింగ్ లేని కోహెరెంట్ లైట్‌తో వచ్చే లిమిట్ కంటే ఎర్రర్‌ని 15 శాతం దాకా తగ్గించారు. 15 శాతమేనా అనకండి, చేసి చూడండి తెలుస్తుంది.

ఇక గెయిన్ (ప్రతి తేడాకీ ఎంత గట్టిగా దిద్దాలన్నది) పెంచితే ఫీడ్‌బ్యాక్ లూప్ బాగా పనిచేస్తుందన్న అపోహ నాదే. సిగ్నల్ మోసే కోయాక్స్ కేబుల్ మీటరుకి దాదాపు 5 నానోసెకన్ల ఆలస్యం తెస్తుంది, దానిమీద ఎలక్ట్రానిక్స్ ఆలస్యం, దాంతో దిద్దుబాటు వేళ దాటి వస్తుంది, అవేవీ లెక్కేయకుండా గెయిన్ పెంచుకుంటూ పోయా. స్క్రీన్ మీద అందమైన సైన్ వేవ్ వచ్చింది, సిగ్నల్ అనుకుని ఫోటో కూడా తీశా, తీరా చూస్తే లూప్ తనంతట తనే ఊగుతోంది.