స్టెంటోరియన్: యాభై మంది అరిస్తే ఎన్ని రెట్లు?

ఇంగ్లీషులో పెద్ద చప్పుడును చెప్పే మాటలకు కొదవ లేదు. మామూలుగా ఎక్కువైతే లౌడ్, చెవులు చిల్లులు పడేలా ఉంటే డెఫెనింగ్, చప్పట్లు ఉరుముల్లా మోగితే థండరస్. వీటి మధ్య స్టెంటోరియన్ అని ఒకటుంది. దీన్ని 'చాలా పెద్ద' అని మాత్రమే గుర్తుపెట్టుకుంటే తప్పులో కాలేస్తాం, ఎందుకంటే లారీ హారన్‌కీ పిడుగుకీ ఇది అంతగా నప్పదు, దాదాపు ఎప్పుడూ మనిషి గొంతుకే వాడతారు.

ఈ మాట ఒక మనిషి పేరులోంచి పుట్టింది. ట్రోయ్ యుద్ధంలో గ్రీకుల పక్షాన ఉన్న స్టెంటర్, గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఒకే ఒక్కచోట, 5వ సర్గలో కనిపిస్తాడు. నిజానికి కనిపించేది కూడా అతను కాదు, అతని రూపం వేసుకున్న హేరా దేవత. అంటే పాపం, పెద్ద గొంతుకు మారుపేరైన మనిషి ఆ కావ్యంలో సొంతంగా ఒక్క కేకైనా వేయడు! హోమర్ అతని గురించి రెండు సంగతులు చెప్తాడు: అతనిది యాభై మంది గొంతంత గొంతు, పైగా కంచు గొంతు. మనం కంచు కంఠం అంటామే, అచ్చంగా అదే.

ఇక లెక్కలోకి వద్దాం. యాభై మంది కలిసి అరిస్తే శబ్దశక్తి యాభై రెట్లవుతుంది, కానీ చప్పుడు తీవ్రతను కొలిచే డెసిబెల్ లెక్కలో పెరిగేది సుమారు 17 మాత్రమే. మన చెవికి 10 డెసిబెళ్లు పెరిగితే చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది కాబట్టి, స్టెంటర్ పక్కన నిలబడ్డవాడికి ఆ గొంతు మామూలు కేక కంటే మూడు రెట్లకు కాస్త ఎక్కువ అనిపిస్తుంది, అంతే. యాభై ఎక్కడ, మూడు ఎక్కడ! అసలు లాభం దూరంలో ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతాయి, అందువల్ల గాలీ నేలా చేసే ఆటంకాలు పక్కన పెడితే, మామూలు కేక వంద మీటర్లు వినిపించే చోట ఇతనిది ఏడు వందల మీటర్లు వెళ్తుంది. మైకుల్లేని సైన్యానికి కావలసింది అదే కదా.

కంచు అన్న మాట ఊరికే పడలేదనిపిస్తుంది నాకు. కంచు మోతలో పై పౌనఃపున్యాలు, అంటే సెకనుకు ఎక్కువసార్లు కంపించే ధ్వనులు, గట్టిగా పలుకుతాయి (ఈ కంపనాల లెక్కను హెర్ట్జ్‌లలో చెప్తారు). మన చెవి చురుగ్గా ఉండేది 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య. ఒపెరాలో సాధన చేసిన పురుష గాయకులు తమ గొంతులోని శక్తిని 3,000 హెర్ట్జ్‌ల దగ్గర పోగుచేస్తారు, ఆర్కెస్ట్రా ఆ ప్రాంతంలో బలహీనంగా ఉంటుంది కాబట్టి అన్ని వాయిద్యాల మీదుగా ఆ ఒక్క గొంతు మైకు లేకుండానే హాలు చివరిదాకా వినిపిస్తుంది. అంటే బలం ఒక్కటే కాదు, ఆ బలం ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే.

అందుకే గొంతు చించుకుని కీచుమంటూ అరిచేవాడిని స్టెంటోరియన్ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. కోపం ఉండాలన్న నియమమేమీ లేదు, పేర్లు చదివి పిలిచే మనిషిదైనా సరే, నిండుగా ఉండి చివరి వరసదాకా మోగితే చాలు. ఇంకో తేడా కూడా ఉంది, నిశ్శబ్దాన్ని డెఫెనింగ్ అనేవాళ్లు బోలెడుమంది గానీ, స్టెంటోరియన్ నిశ్శబ్దం అని రాసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.